ముందటి కొలత

మా వీధి మొదట్లో కిరాణా కొట్టు నడిపే సావుకారు గారి బల్ల మీదికి ఒక కాలిక్యులేటర్ వచ్చి చేరింది. కాలిక్యులేటర్ లేని కొట్టు ఎక్కడుంది, ఇందులో వింతేముంది అనుకుంటారేమో. ఆయన నోటి లెక్క మీరు విని ఉంటే అలా అనుకోరు. బరంపురం పెద్ద బజారులో ఆయన ఈడు వ్యాపారులందరిలాగే ఎదుటి మనిషితో బేరం ఒడియాలో, పొట్లాలు కట్టే కుర్రాణ్ణి కసరడం తెలుగులో, ఈ రెంటికీ అడుగున పెదాలు కదిలీ కదలకుండా మరో తెలుగు ధార నడుస్తుండేది. అది లెక్క. అరకిలో కందిపప్పు, పావు చింతపండు, యాభై గ్రాముల ఇంగువ, రెండు కట్టలు అప్పడాలు. చీటీ ముక్క మీద రాసుకోవడమన్నది లేదు. ఆఖరి పొట్లానికి దారం ముడి పడేసరికి మొత్తం చెప్పేసేవారు. చిన్నప్పుడు అరెక్కం, ముప్పాతిక ఎక్కం బెత్తం కింద వల్లెవేసిన తరం కదా. నేను లెక్కల మాస్టర్ని కాబట్టి ఇంటికొచ్చి దొంగతనంగా కూడి చూసేవాణ్ణి. తేడా ఎప్పుడూ దొరకలేదు. ఇప్పుడు అయిదు సరుకులకీ ఆయన మీటలు నొక్కుతున్నారు. నొక్కి, వచ్చిన అంకెను కాసేపు చూసి, దాన్ని చెరిపేసి మళ్ళీ మొదటినుంచీ నొక్కుతున్నారు. కాలిక్యులేటర్ వాడటం సరే, ఆ రెండోసారి నొక్కడమే నన్ను పట్టుకుని వదలటం లేదు.

ఒకరోజు కొట్లో ఎవరూ లేనప్పుడు అడిగాను. "కూడతా కూడతా ఉంటే మధ్యలో జారిపోతంది మాస్టారూ. ఎక్కడిదాకా వచ్చానో తెలీదు" అన్నారు. ఎప్పటినుంచి అంటే ఆలోచించి, "ఆ జొరం తరవాతే" అన్నారు. ఆ వెంటనే, "డెబ్భై వచ్చేసాయి కదా" అని తనే సర్దుకున్నారు. రెండు జవాబులూ ఆయనవే. రెండిట్లో ఏది నిజం? డెబ్భై ఏళ్ళకి మనిషి లెక్క నెమ్మదించడంలో అన్యాయం ఏముంది? పైగా కొట్టు గోడకి అంటించిన చదరపు బొమ్మ ఒకటి ఉంది, దానికి ఫోను చూపిస్తే చాలు, ఎంత వచ్చిందో డబ్బా గట్టిగా అరిచి చెబుతుంది. అలవాటు తప్పిన విద్య తుప్పు పడుతుంది. ఇన్ని కారణాలు చేతిలో ఉండగా ఎప్పుడో 2020 జులైలో వచ్చి పోయిన కరోనా జ్వరం మీదకి నెపం నెట్టడం ఎంతవరకు సబబు? అలా అనుకుంటూనే ఉన్నాను. కానీ అదే మాట, కొంచెం అటూ ఇటూగా, ఇంకో చోట, మరో చోట వినబడుతోంది. వీధిలో ఒకాయన స్కూటరు ఎక్కడ పెట్టానో మరిచిపోతున్నానంటాడు. బ్యాంకులో పనిచేసే ఒకావిడ, పేరా చివరికి వచ్చేసరికి మొదలు గుర్తుండటం లేదంటుంది. అందరూ నవ్వుతూనే చెబుతారు, నవ్వి చివర్లో "వయసు" అంటారు. బ్యాంకావిడకి నలభై కూడా లేవు.

ఆ జులై సంగతి ఈ జిల్లాలో ఎవరికీ వేరే గుర్తు చెయ్యక్కర్లేదు. గంజాం జిల్లా మగవాళ్ళు తరాలుగా సూరత్ మరమగ్గాలకి వలస వెళ్తున్నారు. లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయాక, 2020 మే మొదట్లో శ్రామిక్ రైళ్ళు వాళ్ళని దింపడం మొదలుపెట్టాయి. జగన్నాథపూర్ స్టేషన్లో దిగినవాళ్ళని అట్నుంచి అటే బస్సులెక్కించి ఊళ్ళ బయట బడుల్లో పెట్టారు. మేం పాఠాలు చెప్పిన గదుల్లో చాపలు పరుచుకుని పడుకున్నారు, వాళ్ళలో ఆ గదుల్లోనే చదువుకున్నవాళ్ళూ ఉన్నారు. జులై వచ్చేసరికి రాష్ట్రంలో అన్నిటికంటే ఎక్కువ కేసులున్న జిల్లా మాదే. ఆగస్టులో భువనేశ్వర్ వైద్య పరిశోధన కేంద్రం వాళ్ళు బరంపురంలో నెత్తురు పరీక్షలు చేస్తే, నూటికి ముప్పై మందికి పైగా అప్పటికే వైరస్ తగిలి వెళ్ళినట్టు తేలింది. చాలామందికి ఆ విషయమే తెలియదు. ఆ తరవాత 2021 వేసవి, ఆ పైన 2022 జనవరి. ఇప్పుడు ఈ ఊళ్ళో ఒక్కసారైనా తగలని మనిషిని వెతికి పట్టుకోవడం కష్టం. ఇక్కడే నా బుర్ర మొరాయిస్తుంది. అందరికీ వచ్చాక, రానివాళ్ళతో పోల్చి చూసుకోవడమెలా? అందరూ కొంచెం కొంచెం మరిచిపోతున్న ఊళ్ళో మరుపు ఎవరికి కనబడుతుంది?

మా పిన్ని సంగతి చెప్పాలి. ఛత్రపురం దగ్గర ఉంటుంది, టీచరుగా చేసి రిటైరైంది. వాళ్ళ ఊరి పొలాల గట్లకి కంచెలన్నీ మొగలి పొదలే. దేశంలో కేవడా అత్తరుకి కావలసిన ఈ మొగలి పువ్వులో చాలాభాగం ఈ జిల్లా నుంచే వెళ్తుంది. ఛత్రపురం, రంగేయిలుండ, చికిటి చుట్టుపక్కల వానాకాలం పొద్దున్నే పువ్వులు కోసి, రాగి డేగిశాల్లో నీళ్ళు పోసి మరిగించి, ఆవిరిని పట్టి అత్తరు తీస్తారు. కొత్తగా వచ్చినవాళ్ళకి ఆ ఘాటుకి తల తిరుగుతుంది. అలాంటి ఊళ్ళో 2021 వానల్లో మా పిన్నికి పువ్వు ముక్కు దగ్గర పెట్టినా ఏమీ తెలియలేదు. ముక్కు లోపల వాసన పట్టే నరకణాలు వేరు, వాటిని ఆనుకుని పోషించే కణాలు వేరు. వైరస్ ముఖ్యంగా దెబ్బ కొట్టేది ఆ పోషించేవాటిని. ఆసరా పోయాక వాసన పట్టేవి మాత్రం ఎంతసేపు నిలబడతాయి? కొన్ని నెలలకి వాసన తిరిగి వచ్చింది గానీ తిన్నగా రాలేదు. కాఫీ కాలిన రబ్బరులా ఉందని పారబోసేది. మొగలి మాత్రం మొగలిలానే వచ్చిందట. అదేం విచిత్రమో.

వాసన విషయంలో ఒక విశేషం ఉంది. కన్ను, చెవి పంపే కబుర్లు మెదడు పైపొరకి చేరేముందు మధ్యలో ఒక మజిలీలో ఆగుతాయి. వాసన ఆగదు. జ్ఞాపకాలకీ భావాలకీ నెలవైన భాగాల ఇరుగునే అది తిన్నగా దిగుతుంది. వంటింటి వాసన ఒకటి తగిలితే యాభై ఏళ్ళ కిందటి మనిషి కళ్ళముందు నిలబడేది అందుకేనేమో. కాబట్టి 2020లోనే కొందరు పరిశోధకులు, ముక్కుతో మొదలైన ఈ గొడవ అక్కడితో ఆగుతుందా అని అనుమానపడ్డారు. మా పిన్నికీ అక్కడితో ఆగలేదు. ఒకప్పుడు ఆవిడ పెళ్ళి కబుర్లు చెబితే ఏ వియ్యాలవారు ఏ ఊరివాళ్ళో, ఎవరి మేనత్త ఎవరికి తోడికోడలో చిక్కుపడకుండా సాగేది. ఇప్పుడు మధ్యలో ఆగుతుంది. "వస్తువు అటక మీద ఉందని తెలుసురా, నిచ్చెనే ఎక్కడుందో తెలియదు" అంటుంది. ఈ స్థితికి డాక్టర్లు పెట్టిన పేర్లు చాలా ఉన్నాయి, నాకు మాత్రం ఆవిడ మాటే సరిగ్గా అతికినట్టు అనిపిస్తుంది. ఉన్నది చెరిగిపోలేదు. చేరుకునే దారే తప్పిపోతోంది.

ఇలాంటివి నా ఊహలేనా అని చదవడం మొదలుపెట్టాను. రిటైరైన లెక్కల మాస్టరుకి ఇంతకంటే పనేముంది? చదివినవాటిలో ఒకటి నన్ను బాగా ఆపింది. బ్రిటన్లో యూకే బయోబ్యాంక్ అని ఒక పెద్ద సంస్థ ఉంది. కరోనా అన్న మాట పుట్టకముందే, వేరే అవసరాలకి, వేలమంది మెదళ్ళకి స్కానులు తీసి దాచింది. తరవాత వాళ్ళలో కొంతమందిని మళ్ళీ పిలిచారు. ఈ రెండు స్కానుల మధ్యలో 401 మందికి కరోనా వచ్చింది, 384 మందికి రాలేదు. 2022 మార్చిలో నేచర్ పత్రికలో ఫలితాలు వేశారు. జబ్బు పడినవాళ్ళలో వాసనతో, జ్ఞాపకంతో సంబంధమున్న చోట్ల బూడిదరంగు పదార్థం మిగతావాళ్ళకంటే కాస్త ఎక్కువ పలచబడింది. ఎంత అంటే నూటికి 0.2 నుంచి 2 వంతుల దాకా. వాళ్ళలో చాలామంది ఆసుపత్రి గడప తొక్కనివాళ్ళే. ఆ పలచబడటం రోజువారీ బతుకులో ఎంత బరువు, అది మళ్ళీ పూడుతుందా అన్నవి వేరే ప్రశ్నలు. నన్ను ఆపింది అంకె కాదు. ఆ 401 మందికి ముందటి కొలత ఉంది! అదృష్టం కొద్దీ ఎవరో ముందే తీసి పెట్టారు. లేకపోతే ఆ రెండు వంతులు ఏ యంత్రానికి దొరికేవి? రెండో స్కాను ఒక్కటే చూస్తే ఏ డాక్టరైనా "వయసుకి తగ్గట్టే ఉంది" అనే చెప్పి ఉండేవాడు.

మా సావుకారు గారి ముందటి కొలత ఎక్కడుంది? నా చెవుల్లో ఉంది. ఆయన పెదాల కదలిక చూసిన రెండు మూడు వందల మంది ఖాతాదార్ల జ్ఞాపకంలో ఉంది. ఆ జ్ఞాపకాలకీ అదే జ్వరం తగిలిందనుకోండి. నాకూ వచ్చింది. అలాంటప్పుడు నా సాక్ష్యానికి ఏపాటి విలువ?

ఇంగ్లండులో ఇంకో పెద్ద పరిశీలన జరిగింది, 2024 ఫిబ్రవరిలో వచ్చింది. లక్షా పన్నెండు వేలకి పైగా జనం ఇంట్లో కూర్చుని కంప్యూటరు మీద జ్ఞాపకం, తర్కం పరీక్షలు రాశారు. కరోనా వచ్చి పూర్తిగా తగ్గిపోయిందనుకున్నవాళ్ళు, అసలు రానివాళ్ళకంటే సుమారు మూడు ఐక్యూ పాయింట్లంత వెనకబడ్డారు. లక్షణాలు తగ్గనివాళ్ళలో ఆ తేడా ఆరు, ఐసీయూకి వెళ్ళినవాళ్ళలో తొమ్మిది. మూడు పాయింట్లంటే ఏమిటి? నా క్లాసులో నలభై మంది ఉంటే, అందరికీ తలా మూడు మార్కులు తగ్గిస్తే, ఏ ఒక్క పిల్లాడి తండ్రీ వచ్చి అడగడు. అరవై మూడు వచ్చే పిల్లకి అరవై వస్తే ఇంట్లో ఏమీ మారదు. కానీ ముప్పై అయిదు దగ్గర కూర్చున్నవాళ్ళో? గీతకి అంచున ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా గీత కిందికి వస్తారు. సగటు లెక్కల్లో ఉన్న క్రూరత్వం అది. మధ్యలో ఉన్నవాళ్ళకి తెలియనే తెలియదు.

అసలిది మెదడు పనా, మనసు పనా అనే శంక కూడా నన్ను పీడించింది. 2021 వేసవిలో ఎంతమంది పోయారని! పోయినవాళ్ళని కడసారి చూడటానికి కూడా వెళ్ళలేదు, పదో రోజు భోజనాలు లేవు, పరామర్శలు ఫోనులోనే. అంత దుఃఖం లోపల పెట్టుకున్న మనిషి లెక్క మధ్యలో తప్పిపోడా? పోతాడు. మరి ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు పన్నెండున్నర లక్షలకి పైగా కరోనా రోగుల వైద్య రికార్డులు, ఎక్కువగా అమెరికావి, తీసుకుని, ఇతర శ్వాసకోశ జబ్బులు వచ్చినవాళ్ళతో రెండేళ్ళపాటు పోల్చారు. దిగులు, ఆందోళనల విషయంలో తేడా రెండు నెలల్లోపే సమసిపోయింది. మరుపు, మూర్ఛలు, ముసలివాళ్ళలో చిత్తభ్రంశం వంటివి మాత్రం రెండేళ్ళకీ ఎక్కువగానే మిగిలాయి. అంటే దుఃఖం ఒక దారిన, బుర్రకి పట్టిన ఈ మబ్బు మరో దారిన పోతున్నాయి. ఇది చదివి నాకు కొంత తేలికపడింది, కొంత భారమూ అయింది. మనసుదైతే కాలం మాన్పుతుందనుకోవచ్చు కదా.

లోపల ఏం జరుగుతుందో కూడా కొంచెం కొంచెం తెలుస్తోంది. స్టాన్‌ఫర్డ్, యేల్ శాస్త్రజ్ఞులు ఎలుకల్లో వైరస్‌ని ఊపిరితిత్తుల దాకానే పోనిచ్చారు. మెదడులోకి అది అడుగు పెట్టలేదు. జబ్బూ స్వల్పమే. అయినా వారాలు గడిచాక చూస్తే, మెదడులో కాపలా కాసే మైక్రోగ్లియా కణాలు ఇంకా రెచ్చిపోయే ఉన్నాయి. జ్ఞాపకాల నెలవైన హిప్పోకాంపస్‌లో కొత్త కణాలు పుట్టడం తగ్గింది, నరాల తీగల మీద ఉండే మైలిన్ తొడుగు అక్కడక్కడా పోయింది. క్యాన్సరు మందులు వాడినవాళ్ళు చెప్పే మతిమరుపులోనూ ఇలాంటి అల్లరే కనిపిస్తుందట. డబ్లిన్‌లో ఇంకో జట్టు, మరుపుతో బాధపడే రోగుల్లో నెత్తురుకీ మెదడుకీ మధ్య ఉండే కట్ట కారుతోందని 2024లో స్కానుల్లో చూపించింది. అంటే దొంగ ఇంట్లోకి రాకపోయినా ఇంటివాళ్ళు నెలల తరబడి కర్రలు పట్టుకుని మేలుకునే ఉన్నారన్నమాట. ఈలోగా దెబ్బలు తగిలేది ఇంట్లో సామాన్లకే.

ఇంత చదివాక చరిత్ర పుస్తకాలు తీశాను. గంజాం అని జిల్లాకి పేరిచ్చిన ఊరు ఋషికుల్య ఏరు సముద్రంలో కలిసే చోట ఉంది. ఇప్పుడు చిన్న ఊరు. ఒకప్పుడు అదే జిల్లా కేంద్రం, దొరల కోట, ఓడల రేవు. 1815లో ఒక విషజ్వరం వచ్చి ఊరిని ఊడ్చేసింది. దొరలు కచేరీలని అక్కణ్ణుంచి ఎత్తేశారు, ఊరు మళ్ళీ కోలుకోలేదు. గజెటీర్లలో జ్వరం సంగతి ఉంది, కచేరీలు తరలిన సంగతి ఉంది. జ్వరం వచ్చి బతికినవాళ్ళు తరవాత ఎలా ఉన్నారన్న వాక్యం ఎక్కడా కనపడలేదు. రేవులో బస్తాలు లెక్కపెట్టే గుమాస్తా ఎవరైనా మధ్యలో లెక్క తప్పాడా? తప్పితే ఏమన్నారు, తాగొచ్చాడన్నారా? 1918 ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలో కోటిమందికి పైగా ప్రాణాలు తీసింది. పోయినవాళ్ళ అంచనాలు జనాభా లెక్కల నుంచి కట్టగలిగారు. మిగిలినవాళ్ళ బుర్రల సంగతి ఏ జనాభా లెక్కా అడగలేదు. దాదాపు ఆ రోజుల్లోనే వియన్నాలో వాన్ ఎకనమో అనే డాక్టరు, మనుషుల్ని నెలల తరబడి నిద్రలో ముంచి, కొందరిని దశాబ్దాలపాటు బొమ్మల్లా బిగించేసిన వింత జబ్బు గురించి రాశాడు. దానికీ ఇన్‌ఫ్లుయెంజాకీ సంబంధం ఉందా లేదా అన్నది నూరేళ్ళు దాటినా తేలలేదు. తేల్చడానికి అక్కడా కావలసింది అదే, ముందటి కొలత.

2023లో ఠాకురాణి యాత్ర జరిగింది. రెండేళ్ళకోసారి జరిగే యాత్ర, 2021లో కరోనా మింగేసింది కాబట్టి ఆ ఏడు జనం విరగబడ్డారు. సూరత్‌లో ఉండే నా పాత శిష్యుడొకడు యాత్రకి వచ్చి ఇంటికొచ్చి కనపడ్డాడు. మాటల్లో చెప్పాడు, ఇదివరకు చూసినన్ని మగ్గాలు ఇప్పుడు చూడలేకపోతున్నాడట. మరమగ్గాల షెడ్డులో పన్నెండు గంటలు నిలబడాలి, పక్కవాడి కేక వినపడని మోత, కూలి నేసిన మీటర్ల మీద. ఒక మగ్గం దగ్గర తెగిన పోగు ముడేస్తుండగానే ఇంకో మగ్గం మీద ఒక కన్ను ఉండాలి. ఆ రెండో కన్నే ఉండటం లేదని వాడి మాటల సారం. వాడు మాత్రం చూపు మందగించిందనుకున్నాడు. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు, చూపు బాగానే ఉందన్నారట. అయినా అద్దాలు కొనుక్కున్నాడు, జేబులోంచి తీసి చూపించాడు. వాడికి కరోనా 2020లో వచ్చింది, మా బడిలోనే పద్నాలుగు రోజులు ఉన్నాడు. నేను ఆ మాట ఎత్తాలా వద్దా అని కాసేపు తన్నుకులాడాను. ఎత్తితే ఏమవుతుంది? మేస్త్రీకి వెళ్ళి, నాకు మెదడులో కాపలా కణాలు రెచ్చిపోయాయి, రెండు మగ్గాలు తగ్గించు అని చెబుతాడా? ఊరికే ఉండిపోయాను. బ్యాంకావిడ సెలవు పెట్టుకోవచ్చు, నేను మధ్యాహ్నం పడుకోవచ్చు. మీటరు కూలి మనిషి తన బుర్రకి విశ్రాంతి ఇవ్వాలంటే తిండి మానాలి.

డాక్టర్లు చెప్పగలిగింది ఇప్పటికీ కొంచెమే. ఈ మబ్బుని పూర్తిగా తీసేసే మందంటూ రుజువైంది లేదు. చాలామందిలో నెమ్మదిగా తేలికపడుతుంది. టీకా వేయించుకున్నవాళ్ళకి ముప్పు తక్కువ. ఒంట్లో ఓపిక ఎంతుందో చూసుకుని పని పంచుకోవాలి, పట్టుబట్టి ఒకేరోజు లాగిస్తే మర్నాడు మంచానికే. అన్నిటికంటే ముందు థైరాయిడ్, బీ12, నిద్రలో గురకతో ఊపిరి ఆగడం వంటివి పరీక్ష చేయించుకోవాలి. అవి కూడా ఇలాగే మరిపిస్తాయి, వాటికి మందుంది. కరోనా మీద నెపం వేసి ఇలాంటివి వదిలేసుకోవడం కూడా ఒక నష్టమే.

ఈ పరీక్షల కోసమే పిన్నిని బరంపురం తీసుకొచ్చి ఒక డాక్టరు గారికి చూపించాను. బీ12 కాస్త తక్కువ, మిగతావి సరే. జ్ఞాపకశక్తి పరీక్ష కూడా పెట్టారు. గడియారం బొమ్మ గీసింది, వందలోంచి ఏడేసి తీసేసింది, చెప్పిన మాటలు తిరిగి చెప్పింది. నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో చెప్పండన్నారు, ఒడియాలో. చెప్పింది. మార్కులన్నీ గీత పైనే ఉన్నాయి, నార్మల్ అన్నారు డాక్టరు గారు. ఇదివరకు ఎన్ని చెప్పేదో ఆయన అడగలేదు. అడిగినా మా దగ్గర జవాబు లేదు. ఆటోలో వస్తూ నేను నా సిద్ధాంతమంతా విప్పాను, బ్రిటన్, ఎలుకలు, కాపలా కణాలు, 1815. పిన్ని చివరిదాకా విని, "నా మతిమరుపు నాదిరా. దాన్ని కూడా కరోనా ఖాతాలో రాసేస్తావేట్రా?" అంది. మీ అమ్మమ్మ అరవై అయిదుకే పెనిమిటి పేరు తప్ప అన్నీ మరిచిపోయింది, అప్పుడు ఏ వైరస్ వచ్చిందని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అంకెలు లక్షమంది గురించి మాట్లాడతాయి, ఆటోలో నా పక్కన కూర్చున్న ఒక్క మనిషి గురించి ఒక్క ముక్క చెప్పవు. కాసేపాగి తనే మళ్ళీ, "అయినా ఆయన ఒడియాలో అడిగాడు గాబట్టి పద్నాలుగు చెప్పాను, తెలుగులో అయితే పాతిక చెప్పేదాన్ని" అంది. ఇంటికొచ్చాక చేతి గడియారం తీసి తెలుగులో అడిగాను. ఆవు, గేదె, మేక, పిల్లి, కుక్క అని జోరుగా మొదలుపెట్టి పదకొండు దగ్గర ఆగింది. నిమిషం ఇంకా అవలేదు. "నువ్వలా గడియారం వంక చూస్తుంటే నాకేం తోస్తుంది, లేచి కాఫీ పెట్టు ముందు" అని కసిరింది.